ప్రభుత్వము ఇచ్చు ఇల్లు – గాలివానకు నిలుచు ఇల్లు

మన పత్రికయందు నెలనెలయు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు పాఠములు వ్రాయుచు వచ్చితిమి. ఈ నెల పాఠము పైరును గూర్చినది కాదు. పైరు పెట్టువాడు రాత్రివేళ తలదాచుకొను ఇంటిని గూర్చినది. సభ్యులలో పలువురకు ప్రభుత్వపు ఇండ్లు మంజూరయినవి. కొందఱు పునాదులు త్రవ్వించుచున్నారు. కొందఱు శ్లాబు వేయుటకు సిమెంటు తెచ్చి వసారాలో పేర్చుకొనియున్నారు. ఇంకను కొందఱకు, ముఖ్యముగా మన పొలములకు కూలికి వచ్చువారికి, జాబితాలో పేరే లేదు. ఈ రెండు తెగలవారిని గూర్చియు చెప్పవలసినది కలదు.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమవారు మఱచిపోలేరు. ఆనాటి తుపానులో సముద్రము ఉప్పెనయై పొలములమీదికి వచ్చి, సుమారు పదివేల ప్రాణములను తీసికొనిపోయినది. వరి కోతకు వచ్చియున్న సమయమది. పోయినవారిలో అధికసంఖ్యాకులు మట్టిగోడల గుడిసెలలోను, తాటాకు పాకలలోను ఉన్నవారే. ఎక్కి నిలుచుటకు మేడ లేదు. పట్టుకొనుటకు చెట్టు తప్ప వేఱొకటి లేదు. ఆ దుఃఖము నుండియే తీరమున తుపాను రక్షణ భవనములు కట్టవలెనను ఆలోచన బలపడినది. పిమ్మట 1990 మే 9వ తేదీన మచిలీపట్నము దాపున అంతటి పెనుగాలియే వచ్చినది. ముందుగా హెచ్చరికలు చాటించి, ఆఱులక్షలకు పైగా జనులను సురక్షిత స్థలములకు చేర్చిరి; మరణములు వేయికి లోపుననే ఉండెను. అయినను ఇండ్లు మాత్రము లక్షలకొలది కూలినవి. మనిషిని కాపాడుట నేర్చితిమి గాని, ఇంటిని కాపాడుట ఇంకను నేర్వవలసియున్నది. ఇల్లు పోయిన రైతు పది సంవత్సరముల వెనుకకు పోవునని సంఘపు అప్పుల ఖాతా చూచినవారెవరైనను చెప్పగలరు.

ప్రభుత్వము ఇండ్ల విషయమున చేయుచు వచ్చిన పనిని క్లుప్తముగా చూతము. కేంద్ర ప్రభుత్వము 1957లో గ్రామ గృహనిర్మాణ పథకము నొకదానిని ప్రారంభించినది. ఆంధ్రప్రదేశమున బలహీనవర్గములకు ఇండ్లు కట్టించుటకై 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడినది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలై, 1996 జనవరి నుండి స్వతంత్ర పథకముగా నడచినది. 2016లో దానినే మార్చి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ అని పేరిడిరి. ఆ మార్పుతో మైదాన ప్రాంతమున ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతమున 1,30,000 రూపాయలు నిర్ణయించిరి. ఇల్లు కనీసము 25 చదరపు మీటర్లు ఉండవలెననిరి. ఇల్లు ఇంటి యజమానురాలి పేరనో, దంపతుల ఉమ్మడి పేరనో ఉండుట మేలనిరి. కంట్రాక్టరును పెట్టరాదనియు, ఇంటివారే కట్టుకొనవలెననియు నియమించిరి. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో సుమారు 30 లక్షల కుటుంబములకు ఇంటి స్థలముల పట్టాలు ఇచ్చుట మొదలుపెట్టిరి. పట్టణములలో ఒక సెంటు, గ్రామములలో ఒకటిన్నర సెంటు. తెలంగాణమున 2015లో రెండు పడకగదుల ఇండ్ల పథకమును, 2024లో స్వంత స్థలము గలవారికి దశలవారీగా 5 లక్షల రూపాయలు ఇచ్చు ఇందిరమ్మ ఇండ్ల పథకమును ప్రారంభించిరి.

పథకముల పేర్లు మాఱుచుండును, మొత్తములు మాఱుచుండును. కాని వీనిలో చాలవానియందు సొమ్ము వచ్చు పద్ధతి యొక్కటే. పునాది లేచినపుడు కొంత, గోడలు లేచినపుడు కొంత, కప్పు పడినపుడు కొంత, పని ముగిసినపుడు మిగిలినది. ఉద్యోగి వచ్చి సెల్‌ఫోనుతో ఫొటో తీసి పంపును. ఆ ఫొటోపై స్థలపు గుర్తు కూడ పడును. లేని ఇంటికి బిల్లు పెట్టుకొను పాత మోసము దీనివలన చాలవఱకు తగ్గినది, అందులకు సంతోషింపవలసినదే. అయితే ఫొటోకు కనబడునది ఆకారము మాత్రమే. గోడ ఎంత యెత్తు లేచినదో కనబడును. సిమెంటులో ఇసుక ఎంత కలిపిరో కనబడదు. శ్లాబు పడినట్లు కనబడును. దానిని ఎన్ని దినములు తడిపిరో కనబడదు. రేకు కనబడును, దాని క్రింద కొక్కెము కలదో లేదో కనబడదు. గాలివాన మాత్రము ఫొటోలో కనబడని వానినే పరీక్షించును. ఆ పరీక్ష జరుగు దినమున ఉద్యోగి ఉండడు, మేస్త్రీ ఉండడు. ఇంటివారు మాత్రమే లోపల నుందురు. కావున కట్టు దినములలో దగ్గఱనుండి చూచుకొనవలసినవారును వారే.

మొదట స్థలము. పట్టా చేతికి వచ్చిన సంతోషమున చాలమంది స్థలము పల్లమా మెఱకయా అని చూడరు. ప్రభుత్వమునకు చవుకగా దొరకు భూమి తఱచుగా పల్లపు భూమియే యగును. దానిని మట్టితో మెఱక చేసి ఇచ్చుటయు కలదు. క్రొత్తగా పోసిన మట్టిమీద పునాది వేయుట కూడదు. ఆ మట్టి రెండు మూడు వర్షములు తిని క్రుంగును. దానితో గోడయు క్రుంగును. పునాది గోతిని పాత గట్టినేల తగులువఱకు త్రవ్వవలయును. ఇక నల్లరేగడి నేలయైనచో, రైతునకు ఎవరును చెప్పనక్కఱలేదు. వేసవిలో ఆ నేల నెఱ్ఱెలు విచ్చుటయు, వానలకు ఉబ్బుటయు మన మెఱుగుదుము. పొలమున ఎద్దుకాలు దిగు నెఱ్ఱె యింటి క్రింద విచ్చినచో గోడ నెట్లు విడుచును? కావున రేగడిలో నెఱ్ఱె దిగు లోతు దాటి, ఏడాది పొడవునను తేమ మాఱని మట్టమువఱకు పునాది పోవలయును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకు క్రింద గంటవలె వెడల్పుగా నుండు పునాది స్తంభములను రూపొందించిరి. వీనిని సుమారు మూడున్నర మీటర్ల లోతు దింపుదురు. ఒక్క యింటికి ఆ యంత్రము తెప్పించుట భారము; ఒకే కాలనీలో నలువది యిండ్లు లేచునపుడు అందఱును కలిసి తెప్పించుకొనుట భారము కాదు. సంఘమన్నది ఇట్టి వానికే గదా.

బేసుమట్టము గూర్చి ఒక్క మాట. మీ గ్రామమున మిక్కిలి పెద్ద వరద ఎంత యెత్తు వచ్చెనో ముసలివారి నడుగుడు. గుడి మెట్టుమీదనో, పాత బావి చప్టామీదనో గుర్తు చూపుదురు. మీ అరుగు దానికంటె ఎత్తుగా ఉండవలయును. అంచనా పట్టికలో వ్రాసిన ఎత్తు అన్ని ఊళ్లకు ఒకటే. వరద అన్ని ఊళ్లకు ఒకటి కాదు.

గోడల విషయమునకు వత్తము. 1993 సెప్టెంబరు 30వ తేదీన, వినాయక నిమజ్జనపు రాత్రి గడచిన తెల్లవారుజామున, మహారాష్ట్రములోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూకంపము వచ్చినది. అలసి నిద్రించుచున్న వేలాది జనులు తమ యిండ్ల గోడలక్రిందనే మరణించిరి. ఆ భూకంపము లోకములో కనబడిన మహాభూకంపములలోనిది కాదు. చంపినది గోడ. బండరాళ్లను మట్టితో పేర్చి, రెండు మూడడుగుల మందమున గోడ లేపి, దూలములపై అడుగున్నర రెండడుగుల మట్టి మిద్దె వేయుట అక్కడి ఆచారము. మన రాయలసీమలోను, తెలంగాణమునందలి పలు గ్రామములలోను ఇట్టి యిండ్లు నేటికిని కలవు. ఆ గోడకు నిజముగా రెండు గోడలుండును: లోపలి ముఖమొకటి, వెలుపలి ముఖమొకటి, నడుమ చిన్నరాళ్లును మట్టియు. కుదుపు రాగానే రెండును చెఱియొక వైపునకు విడిపోవును. దీనికి మందు పెద్ద ఖర్చుది కాదు. గోడ యీ ముఖమునుండి ఆ ముఖమువఱకు పోవు నిడుపాటి రాళ్లను రెండడుగుల కొకటి చొప్పున పెట్టవలయును. మూలలలో రాళ్లు ఒకదానిపై నొకటి అడ్డముగా కూర్చుండవలయును. అన్నిటికంటె ముఖ్యము, ద్వారబంధముల పైమట్టమున ఇంటి నాలుగు గోడలను చుట్టివచ్చునట్లు ఇనుప చువ్వలతో సిమెంటు కంకర పట్టీ వేయవలయును. కట్టెలమోపునకు త్రాడెట్లో, ఇంటికి ఈ పట్టీ అట్లు. మన మేస్త్రీలు తలుపులమీదను కిటికీలమీదను ముక్కలు ముక్కలుగా లింటెల్ వేసి, తక్కిన గోడను విడిచిపెట్టుదురు. అది మోపును కట్టక కట్టెలను విడివిడిగా చుట్టుటవంటిది. పట్టీ మొత్తము చుట్టివచ్చుటకు అదనముగా నగునది కొన్ని బస్తాల సిమెంటు, కొంత ఇనుము. పైరంగులమీద పెట్టు ఖర్చులో దీనిని సవరించుకొనవచ్చును.

శ్లాబును గూర్చి కొంచెము విపులముగా వ్రాయుచున్నాను; ఏలయన మన వారు మిక్కిలి సొమ్ము పెట్టునదియు, మిక్కిలి త్వరపడునదియు ఇక్కడనే. నేనెఱిగిన యొక గ్రామమున ఒక కుటుంబమువారు మే నెలలో శ్లాబు వేసిరి. ఊరి బోరు ఎండియుండెను. వేసిన మూడవ దినమున తడుపుట మానిరి, దంపతులిద్దఱును కూలికి పోయిరి, బిల్లు వచ్చినది, ఫొటోలో శ్లాబు తెల్లగా, నున్నగా చక్కగా నున్నది. మూడవ వానాకాలమునకు ఆ ఇంట పడకలు మూలకు జరుపుకొనవలసి వచ్చినది. ఇంటి యిల్లాలు ఇనుపతట్టలు పెట్టి నీరు పట్టుచు, దీనికంటె మా పాత తాటాకు పాకయే నయము అనినది. ఆమె మాటలో అసత్యము లేదు.

సిమెంటు ఆరి గట్టిపడదు; నీరు త్రాగి గట్టిపడును. ఈ యొక్క విషయము మనస్సునకు పట్టినచో తక్కినదంతయు తేలిక. ఎండకు నీరు పోయినచో ఆ గట్టిపడుట అక్కడనే ఆగిపోవును, పిమ్మట ఎంత తడిపినను పూర్తిగా తిరిగి రాదు. సాధారణ సిమెంటునకు కనీసము ఏడు దినములు, వేడిమి గల దినములలో పది దినములు, ఇప్పుడు దుకాణములలో ఎక్కువగా దొరకు బూడిద కలిసిన సిమెంటునకు పదునాలుగు దినములు తడి ఆఱనీయరాదు. శ్లాబుమీద మట్టితోనో ఇసుకతోనో చిన్నగట్లు పెట్టి, మడివలె నీరు నిలుపుట మేలు. మడి కట్టుట మనకెవరును నేర్పనక్కఱలేదు. గోడలకు గోనెపట్టాలు తగిలించి తడుపవలెను. నీరు లేని వేసవిలో శ్లాబు వేయకుము, వాయిదా తప్పినను సరే. వాయిదా కొఱకు వేసిన శ్లాబు ఇరువది యేండ్లు బాధించును.

తడుపుటకు నీరు ఎంత కావలెనో, కలుపుటకు అంత తక్కువ కావలెను. ఇది వింతగా తోచును గాని నిజము. ఏబది కిలోల బస్తాకు 25 మొదలు 27 లీటర్ల నీరు చాలును. కూలీలు పాఱ సులభముగా తిరుగుటకై బొక్కెనలకొలది పోయుదురు. ఆ అదనపు నీరు పిమ్మట ఆవిరియై పోయి, అది యున్న చోటెల్ల సూక్ష్మరంధ్రములు మిగులును. వాన నీరు వచ్చునది ఆ త్రోవననే. తీరగ్రామములవారు మఱొక జాగ్రత్త పడవలెను. ఉప్పుటేటి నీరు, సముద్రపు ఇసుక కలుపరాదు. ఉప్పు తగిలిన ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందువలన లోపలినుండి ఒత్తి, శ్లాబు పెచ్చులుగా ఊడిపడును. ఇసుకను కొద్దిగా నాలుకకు తాకించి చూచినచో చాలు. చువ్వలు సెంట్రింగు రేకుకు ఆనుకొని యుండరాదు. క్రింద బిళ్లలు పెట్టి కనీసము 20 మిల్లీమీటర్లు ఎత్తవలెను, తీరమున ఇంకను ఎక్కువ. శ్లాబు పోయు సమయమున కూలీలు చువ్వలమీద నడచి బిళ్లలు తప్పించుదురు. ఆ పూట ఇంటివా రొకరు అక్కడనే నిలిచి చూచుచుండవలెను. వచ్చినవారికి కాఫీ లందించుట మఱియొకరి పని కావలెను.

సిమెంటు బస్తాపై తయారైన వారము ముద్రించి యుండును. మూడు నెలలు దాటినదానిని నమ్మరాదు. ఇటుకను రెండవ యిటుకతో తట్టినచో కంచువలె మ్రోగవలెను. నడుమెత్తునుండి నేలపై జాఱవిడిచినచో పగులరాదు.

శ్లాబు వేయు శక్తి లేక రేకులో, పెంకులో, తాటాకో కప్పుకొనువారు మనలో నింకను కలరు. వారికి గాలి చేయుపని తెలియవలయును. గాలి కప్పును క్రిందికి నొక్కునని మనము తలంతుము. అట్లు కాదు. గాలి కప్పుమీదుగా వేగముగా జాఱునపుడు దానిని పైకి పీల్చును. దేశపు గాలి పటములో ఆంధ్ర తీరమునకు నిర్ణయించిన వేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదునకు సెకనుకు 44 మీటర్లు. 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలముతో ఒత్తును. కప్పు అంచులయందు పీల్చు బలమును కొంచె మెచ్చుతగ్గుగా అంతయే యుండును. పలుచని ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు అయిదాఱు కిలోలు. నాలుగంగుళముల శ్లాబు బరువు 250 కిలోలు. శ్లాబు నిలుచుటకును, రేకు ఎగిరిపోవుటకును కారణము దీనిని బట్టి తెలియును. గాలి వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగు రెట్లగునని కూడ గుర్తుంచుకొనవలెను.

రేకుమీద రాళ్లు పెట్టుట, ఇసుక మూటలు వేయుట చాలదు. అవి రేకుతోకూడ ఎగిరి పొరుగువాని తలమీద పడిన సందర్భములు కలవు. రేకును దూలమునకు, దూలమును గోడకు, గోడను పునాదికి వరుసగా కట్టవలయును. ఈ గొలుసులో ఒక్క లంకె లేకున్నను తక్కిన వానివలన ఫలము లేదు. దుకాణములలో జె-బోల్టు అని పిలుచు కొక్కెపు మరలు వాడవలెను గాని, మేకులు వాడరాదు. చూరు అంచున, వెన్నుపట్టున, మూలలలో మరలు దగ్గఱ దగ్గఱగా ఉండవలయును. గాలి మొదట లేపునది అక్కడనే. చూరు అడుగున్నరకు మించి ముందుకు పోరాదు. వసారా కప్పును ఇంటి కప్పుతో ఒకటిగా కలుపరాదు. వసారా లేచినపుడు అది ఒక్కటియే పోవలెను, ఇంటిని వెంట తీసికొనిపోరాదు. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు మేలు. గాలి వీచు వైపు తలుపు ఊడినచో గాలి లోపల నిండి కప్పును క్రిందినుండియు ఎత్తును. కావున గడియలు గట్టివిగా నుండవలెను.

మన పెద్దలు ఇది యెఱుగనివారు కారు. ఉత్తరాంధ్ర తీరమున నేటికిని అక్కడక్కడ కనబడు చుట్టిండ్లను చూడుడు. గుండ్రని మట్టిగోడ, దాదాపు నేలను తాకు చూరు, పట్టుకొనుటకు మూల లేని రూపు. గాలి చుట్టును జాఱిపోవును. చతురస్రపు పెట్టె యిల్లు నాగరికమనియు, చుట్టిల్లు అనాగరికమనియు మనము తలంచితిమి. వరద నీటికి మట్టిగోడ నిలువదు, అది నిజమే. కాని గాలి విషయమున ఆ యిల్లు కట్టినవాని బుద్ధి మన అంచనా పట్టికలలో లేదు. తాటాకు కప్పుపై పాత చేపలవలలు పఱచి, అంచులు నేలలోని మేకులకు బిగించు జాలరుల ఉపాయము కూడ మంచిదే.

పెనుగాలి మధ్య ఒక్కసారిగా నిశ్శబ్దమగుట కలదు. అది తుపాను కన్ను. గాలి పోయినదని బయటకు రాకుడు; కొంతసేపటికి అదే గాలి ఎదురు దిక్కునుండి కొట్టును. అప్పటివఱకు నిలిచిన గోడలు ఎక్కువగా పడునది అప్పుడే.

ఇంటివారే కట్టుకొనుట, ప్రభుత్వము సొమ్మును సలహాను ఇచ్చుట అను పద్ధతి చక్కగా నడచిన తావు ఒకటి కలదు. 2001 జనవరి 26వ తేదీన గుజరాతులోని కచ్ఛ్ భూకంపము పిమ్మట సుమారు రెండు లక్షల యిండ్లను యజమానులే తిరిగి కట్టుకొనిరి. అక్కడను సొమ్ము వాయిదాలలోనే వచ్చినది. అయితే ఇంజనీరు వచ్చి పట్టీలను, మూలచువ్వలను చూచి సరియన్న పిమ్మటనే తదుపరి వాయిదా విడుదల చేసిరి. మేస్త్రీలకు శిక్షణ యిచ్చిరి. మన యిండ్లకును ఆ మూడవ కన్ను కావలెను. సర్కారు ఇంజనీరు ఒక్కడు వందలకొలది యిండ్లు చూడజాలడు. అతనిని నిందించి లాభములేదు. సంఘము పూనుకొనినచో, ఊరికి ఒకరిద్దఱు మేస్త్రీలను శిక్షణకు పంపవచ్చును; సిమెంటును ఇనుమును కలిపి కొని పంచవచ్చును; కంకర కూర్చు వైబ్రేటరును, సెంట్రింగు సామానును అద్దెకు ఉంచవచ్చును. ఎరువుల గోదాము గల సంఘమునకు ఇది క్రొత్త విద్య కాదు. సిమెంటు పెట్టినచోట యూరియా పెట్టరాదు, అంతే. తేమ రెంటికిని చేటు.

ఇంతవఱకు ఇల్లు మంజూరైనవారి మాట. మంజూరు కానివారి మాటను కడకు వ్రాయుచున్నాను. చిన్నదని కాదు, ఇదియే కష్టమైనది గనుక.

2011 జనాభా లెక్కలలో దేశమున ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలు. వారిలో 9.4 లక్షలు పట్టణములలోను, 8.3 లక్షలు గ్రామములలోను ఉండిరి. అంతకుముందు పదేండ్లలో గ్రామములలో ఈ సంఖ్య తగ్గి, పట్టణములలో పెరిగినది. పట్టణమునకు పోయి కాలిబాటపై నిద్రించు మనిషి చాలమాఱు మన యూరి మనిషియే. 1985లో బొంబాయి కాలిబాట వాసుల వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము, జీవనోపాధి హక్కు ప్రాణహక్కులో భాగమని చెప్పినది. తాఖీదు ఇయ్యక వారిని తొలగింపరాదనినది, శాశ్వతముగా అక్కడనే యుండు హక్కు మాత్రము ఈయలేదు. 2010 చలికాలమున ఢిల్లీలో ఇల్లు లేనివారు మరణించుచుండగా, అదే న్యాయస్థానము రాత్రి బసలు తెఱువవలెనని ఆజ్ఞాపించినది. 2013లో పట్టణ నిరాశ్రయుల బసల పథకము ఆ త్రోవననే వచ్చినది. అందు మనిషికి ఏబది చదరపుటడుగుల చోటు ఉండవలెనని కొలత పెట్టిరి. కాని ఆ పథకము పట్టణములకు మాత్రమే. గ్రామములోని ఇల్లులేనివానికి ప్రత్యేక బస పథకము రాలేదు. గ్రామమున ఇల్లు లేనివారే యుండరని ఎవరో తలంచినట్లున్నది.

వారెవరో మన మెఱుగుదుము. కాలువగట్టున పట్టా లేక పాక వేసికొన్నవారు. బాతులను తోలుకొనుచు చేనినుండి చేనికి పోవువారు. ఒడిషానుండియు మన మెట్ట మండలములనుండియు ఇటుక బట్టీలకు వచ్చు కుటుంబములు. ఊరందఱి యిండ్లకు ఇటుక కోసి కాల్చు తల్లి, ఆ బట్టీ ప్రక్కనే ప్లాస్టిక్ పట్టా క్రింద బిడ్డను నిద్రపుచ్చును. మన యింటి గోడలో నున్న ఇటుకపై ఆమె చేతి గుర్తు కలదు.

2016 నాటి నిబంధనలు ఇట్టివారికి ప్రతికూలముగా లేవు. ఇల్లు లేనివారు, భిక్షచే బ్రతుకువారు, వెట్టినుండి విడిపింపబడినవారు మొదలగువారిని తప్పక చేర్చవలెనని వ్రాసిరి. స్థలము లేనివానికి స్థలము చూపు బాధ్యత రాష్ట్రముపై పెట్టిరి. 2011 సాంఘిక ఆర్థిక గణన జాబితాను గ్రామసభ పరిశీలింపవలెననిరి. అవే నిబంధనలలో, ఏబది వేల రూపాయలకు పైబడిన పరిమితి గల కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్నవానిని తొలగించు నియమమును చేర్చిరి. అప్పు ఎక్కువగా నుండుట ధనవంతుని లక్షణమని భావించిన ఆ రచయితకు సాగుభూమితో పరిచయము తక్కువయని నా అభిప్రాయము. కాని ఆ నియమమువలన తొలగిన రైతునకు మాటాడు నోరు కలదు, సంఘము కలదు, పాసుపుస్తకము కలదు. కాగితము లేని కూలివానికి ఏదియు లేదు. ఇంటి నెంబరు లేదు గనుక కార్డు లేదు. కార్డు లేదు గనుక జాబితా లేదు. జాబితా లేదు గనుక ఇల్లు లేదు.

చిక్కు మఱొకటి కలదు. బట్టీలు రాజుకొనునది కార్తికము మొదలు. వేసవి ముగియువఱకు ఆ కుటుంబములు స్వగ్రామమున ఉండవు. గ్రామసభ ఆ నెలలలో జరిగినచో జాబితా చదువు సమయమున వారు లేరు. అభ్యంతరము చెప్పువారు లేరు. ఉన్నవారిలో వారి పేరెత్తువారు తఱచుగా మనమే కావలసియుండును, వారిని పనిలో పెట్టుకొనువారము గనుక. సభ్యులు చేయదగిన పని యిది. తన పొలమున పనిచేసి వలసపోయిన కుటుంబము పేరును, ఎందఱుందురో, ఎచట తలదాచుకొనుచున్నారో ఒక కాగితముపై వ్రాసి, వారి వ్రేలిముద్రతో సహా పోకముందే తీసికొనవలెను. గ్రామసభనాడు దానిని చదివించి, తీర్మానముల పుస్తకమున ఎక్కించి, నకలు తీసికొని సంఘ కార్యాలయమున నుంచవలెను. పుస్తకమున ఎక్కిన పేరును తీసివేయుటకు కారణము వ్రాయవలసివచ్చును. ఎక్కని పేరును తీసివేయనక్కఱయే లేదు.

తుపాను భవనముగల గ్రామములవారు ఈ నెలలోనే పోయి, తాళపుచెవి ఎవరియొద్దనున్నదో, నీటితొట్టి కాఱుచున్నదో, మెట్లమీదికి ముసలివారు ఎక్కగలరో చూచి, కాలువగట్టు పాకలవారికి ఆ త్రోవ ముందుగా చూపియుంచవలెను. క్రిందటి గాలివాన రాత్రి తాళపుచెవికై వెదకినవారు మన పత్రిక చదువరులలోనే కలరు.